గ్రహాల మీద బండి తోలడం మీలో ఎవరికైనా నిజంగా ఇష్టమా?

రేగడిమట్టి:

మొన్న రాత్రి మా వాడు నా కుర్చీ వెనక నిలబడి పది నిమిషాలు చూశాడు. తర్వాత అడిగాడు: "నాన్నా, ఎవర్నీ కాల్చట్లేదు, ఏమీ దొరకట్లేదు, ఊరికే కొండలెక్కి దిగుతున్నావ్. ఇదేం ఆట?" వాడికి తొమ్మిదేళ్లు. ఏం చెప్పాలో తోచక "రేపు స్కూలుంది, వెళ్లి పడుకో" అన్నాను. వాడు పడుకున్నాడు. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

నేను ఆడుతున్నది మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమ్ మొదటి భాగం. 2021లో లెజెండరీ ఎడిషన్ పేరుతో మూడు భాగాలూ కలిపి మళ్లీ తెచ్చారు కదా, అది. అందులో మాకో అని ఆరు చక్రాల బండి ఉంటుంది. నెత్తిన ఫిరంగి, పైకెగరడానికి కింద జెట్లు. ఓడ నేల మీద దిగకుండానే దీన్ని గాల్లోంచి జారవిడుస్తుంది. అక్కణ్నుంచి మన పాట్లు మనవి. 2007లో అసలు గేమ్ వచ్చిన నాటి నుంచీ జనం ఈ బండిని తిట్టినంతగా అందులో విలన్‌ని కూడా తిట్టి ఉండరు. చిన్న గుట్ట తగిలితే బంతిలా ఎగురుతుంది. ఎడమకి తిప్పితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరుగుతుంది. ఆ తిట్లకి జడిశారో ఏమో, 2010లో వచ్చిన రెండో భాగంలో మాకోని పూర్తిగా పక్కన పెట్టేశారు. దాని బదులు ఓడలో కూర్చుని గ్రహాన్ని స్కాన్ చేయడం, ఖనిజం ఉన్నచోట ప్రోబ్ వదలడం. నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. సీజన్‌లో తేమ మీటరు పట్టుకుని బస్తా బస్తాకీ గుచ్చే పని కూడా నా నెత్తినే పడుతుంది. ఆ ప్రోబ్‌ల పని నాకు అచ్చం అలాగే అనిపించింది.

మొదటిసారి ఈ గేమ్ ఆడింది 2011లో, హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు, రూమ్మేట్ కంప్యూటర్ మీద. వాడు నైట్ షిఫ్ట్‌కి వెళ్తే తెల్లారేదాకా అది నాది. ఒక మిషన్‌లో మన చందమామ మీదే దిగుతాం. బూడిద రంగు నేల, నల్లటి ఆకాశం, అందులో నీలంగా భూమి. వెళ్లాల్సిన బంకర్లు ఎదురుగానే ఉన్నా నేను వాటి జోలికి పోకుండా అరగంట తిరిగాను. ఇంకోటి నొవేరియా అనే గ్రహం. కొండ పక్కనే మంచు దారి, ఇటు లోయ, మలుపు తిరగ్గానే ఎదురుగా కాల్పులు. ఆ దారిలో ఏ మలుపు తర్వాత ఏముంటుందో ఇవాళ్టికీ చెప్పగలను. మా మిల్లు నుంచి బ్యాంకుకి వెళ్లే దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నంటే చెప్పలేను.

ఇప్పుడు అసలు తిరకాసు. ఇంత ఇష్టం ఉన్నవాణ్ని కదా, బండ్లున్న గేమ్ ఏది కనబడినా కొంటాను. నో మ్యాన్స్ స్కైలో 2017 మార్చి అప్‌డేట్‌తో బండ్లు వచ్చాయి. రోమర్, నోమాడ్, లారీలా ఉండే కొలోసస్, మూడూ తోలాను. స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబర్‌లో బండి లేకుండానే వచ్చింది, దాదాపు ఏడాది తర్వాత రెవ్-8 ఇచ్చారు. అదీ తోలాను. ఇవన్నీ మాకో కన్నా ఎంతో బుద్ధిగా నడుస్తాయి. అయినా పది నిమిషాలకి ఆవలింత వస్తోంది. మొండిదాని మీద మోజు, బుద్ధిమంతుడి మీద విసుగు. ఇది నా వయసు వల్లా? తొలిసారి ఆడిన మమకారం వల్లా? లేక నిజంగానే బండికీ బండికీ ఏదో తేడా ఉందా?

తోలడం నచ్చని వాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.


బుల్లెట్‌బాబు:

మా కాలనీలో పైపుల కోసం తవ్వి మూడు నెలలైంది. వేరే గ్రహం అక్కర్లేదన్నా, గ్రాఫిక్స్ కూడా అల్ట్రాలో ఉన్నాయి.


నీలిమ_కె:

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి చెప్తున్నాను. నాకు అస్సలు నచ్చదు.

నాకు రోజుకి ఆటకి దొరికేది నలభై నిమిషాలు. పాప పడుకున్నాక, నాకు నిద్ర ముంచుకు రాకముందు. ఆ నలభైలో పాతిక నిమిషాలు ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వెళ్లడానికే పోతే నేను ఆడినట్టా, ప్రయాణం చేసినట్టా? ప్రయాణం నేను ఆఫీసుకి ఎలాగూ చేస్తున్నాను.

స్టార్‌ఫీల్డ్ వచ్చిన కొత్తలోనే ఆడాను. వెయ్యికి పైగా గ్రహాలు అన్నారు. దిగితే అటూ ఇటూ ఖాళీ నేల, దూరంగా ఒక గుర్తు, అక్కడిదాకా నడక. పరిగెత్తితే ఆక్సిజన్ అయిపోయి రొప్పడం. రెవ్-8 వచ్చాక ఆ నడక తప్పింది, సంతోషమే. కానీ అది నడక తప్పించింది కాబట్టి సంతోషం. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ బాగయినప్పుడు కూడా ఇంతే సంతోషించాను. లిఫ్ట్ బాగుంది కదా అని ఎవరూ సరదాగా పైకీ కిందికీ తిరగరు. మీకు ఆవలింత ఎందుకొస్తోందంటే మీరు లిఫ్ట్‌లో షికారు చేస్తున్నారు, అంతే.

మాకో గురించి ఇంకో మాట. ఆ గేమ్ చేసిన వాళ్లకే దాని మీద పూర్తి నమ్మకం లేదనిపిస్తుంది నాకు. పాత వెర్షన్‌లో బండిలోంచి ఫిరంగితో శత్రువుని చంపితే అనుభవ పాయింట్లు తక్కువ వచ్చేవి, గుర్తుందా? అందుకని బండితో ముప్పాతిక ప్రాణం తీసి, చివర్లో దిగి, చేతి తుపాకీతో ముగించేవాళ్లం. ఎదురుగా రాకెట్లు వేస్తుంటే బండి దిగి నిలబడటం! మీరంటున్న లెజెండరీ ఎడిషన్‌లో అది తీసేశారు, స్టీరింగ్ కూడా చక్కబెట్టారు. పాత మొండితనమే కావాలంటే ఆప్షన్స్‌లో దానికీ ఒక మీట ఉంది. మీలాంటి వాళ్ల కోసమే పెట్టి ఉంటారు.

ఒక్క మినహాయింపు. మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా (2017) లో నోమాడ్ అనే బండి. దానికి తుపాకీ కూడా లేదు. ఏటవాలు వస్తే ఆరు చక్రాల పట్టు మోడ్‌కి మార్చాలి, అప్పుడు మెల్లగా ఎక్కుతుంది. దాన్ని మాత్రం నేను గంటలు గంటలు తోలాను. ఎందుకంటే వెనక కూర్చున్న వాళ్లిద్దరూ దారి పొడుగునా కబుర్లాడుకుంటారు. ఒకళ్లనొకళ్లు దెప్పుకుంటారు, సొంత గొడవలు చెప్పుకుంటారు. జట్టు మార్చి తీసుకెళ్తే కబుర్లు మారతాయి. గమ్యం వచ్చేసినా మాట పూర్తి కాలేదని చుట్టూ ఇంకో చక్కరు కొట్టిన రోజులున్నాయి. అందులో నాకు నచ్చింది తోలడం కాదని ఒప్పుకుంటున్నా.

ఇంకోటి, ఎవరూ చెప్పరు గానీ, బండి లోపలి నుంచి చూసే కెమెరా పెట్టిన గేమ్స్‌లో నాకు కళ్లు తిరుగుతాయి. అలా ఎగిరెగిరి పడుతుంటే ఒకసారి నిజంగానే నిమ్మకాయ తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను.


స్పానర్:

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్తాను, కాబట్టి కాస్త పాఠంలా ఉంటే క్షమించాలి.

రేగడిమట్టి గారు, మీ మాకో బంతిలా ఎగరడంలో కొంత తప్పు బండిదే అయినా, అసలు సంగతి ఒకటి మనవాళ్లు పట్టించుకోరు. గురుత్వం తగ్గితే బండి బరువు తగ్గుతుంది, ద్రవ్యరాశి తగ్గదు. అంటే దాన్ని కదిలించడం, ఆపడం, తిప్పడం అంతే కష్టం. కానీ ఆ పని చేయాల్సిన టైరు పట్టు మాత్రం బరువుతో పాటే పడిపోతుంది. గంటకి 36 కి.మీ. వేగంలో ఉన్నారనుకోండి. ఘర్షణ గుణకం 0.6 అని వేసుకుంటే భూమి మీద బ్రేక్ కొట్టాక ఎనిమిదిన్నర మీటర్లలో ఆగుతారు. అదే బండి, అదే టైరు చందమామ మీద అయితే 51 మీటర్లు. మలుపులో కూడా ఇదే లెక్క. ఇక్కడ నిశ్చింతగా తిరిగే మలుపులో అక్కడ పక్కకి జారతారు, లేదా పల్టీ కొడతారు. గుట్ట మీద నుంచి ఎగిరితే దిగడానికి ఆరు రెట్ల సమయం. "ఈ బండి మాట వినట్లేదు" అని విసుక్కునే వాళ్లలో సగం మందికి ఇబ్బంది పెడుతున్నది గ్రహం.

ఈ ఇబ్బందిని దాచకుండా చేతికిచ్చే ఆట కర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. అందులో బండి ఇవ్వరు, మనమే కట్టుకోవాలి. కట్టుకుని, రాకెట్ నెత్తిన పెట్టి, గ్రహం దాటించి, దింపాలి. ఇంత చేశాక మొదటిసారి ముందుకి మీట నొక్కితే ఏమవుతుందో తెలుసా? ముక్కు నేలకి తగిలి, తోక లేచి, బోల్తా. ఎందుకంటే అదే డబ్ల్యూ మీట చక్రాలనీ తిప్పుతుంది, ఓడని తిప్పడానికి పెట్టే రియాక్షన్ వీల్‌తో బండినీ ముందుకి వంచుతుంది. గురుత్వం గట్టిగా ఉంటే ఆ వంపు తెలియదు. ఆ గేమ్‌లో మిన్‌మస్ అని ఒక చిన్న ఉపగ్రహం ఉంది, అక్కడి గురుత్వం భూమిలో ఇరవయ్యో వంతు. అక్కడ మాత్రం బండి వెంటనే సాష్టాంగ పడుతుంది. రియాక్షన్ వీల్ ఆపేయాలి, లేదా చక్రాల మీటలు వేరే పెట్టుకోవాలి. బ్రేకులు ముందు చక్రాలకి తీసేసి వెనక వాటికే ఉంచాలి. బండి వెడల్పుగా, పొట్టిగా, నేలకి అంటుకున్నట్టు కట్టాలి. నేను ఇవన్నీ తెలుసుకునేసరికి నాలుగు బండ్లు, ముగ్గురు డ్రైవర్లు అక్కడే ఉండిపోయారు. వాళ్లని తీసుకురావడానికి పంపిన వాడు నాలుగోవాడు.

అదే గేమ్ ఆడేవాళ్లలో ఎల్కానో ఛాలెంజ్ అని ఒకటి ఉంది. ఒక గ్రహాన్నో ఉపగ్రహాన్నో బండి మీద పూర్తిగా చుట్టి రావాలి. ఓడ మీద భూమిని చుట్టబోయిన మెజెలాన్ దారిలో చనిపోతే 1522లో ఆ ప్రయాణాన్ని పూర్తిచేసి స్పెయిన్ చేరిన నావికుడు ఎల్కానో, ఆయన పేరన్నమాట. మిన్‌మస్ వ్యాసార్ధం 60 కి.మీ. కాబట్టి చుట్టుకొలత దాదాపు 377 కి.మీ. మొన్న ఎండాకాలం సెలవుల్లో చుట్టాను. రాత్రికో గంట చొప్పున రెండు వారాల పైన పట్టింది. అక్కడ గడ్డకట్టిన చెరువుల్లాంటి చదును మైదానాలు ఉంటాయి, లేత పచ్చ రంగులో. వాటి మీద ఎంత స్పీడైనా పోవచ్చు, నిద్రొస్తుంది. మైదానం దాటి కొండవాలు మొదలయ్యే చోట వెన్ను నిటారుగా అవుతుంది. సోలార్ పలకలు పెట్టుకున్నాను కాబట్టి చీకటి పడితే బ్యాటరీ ఉన్నంతవరకే. ఒకసారి లోయలో ఉండగా పొద్దుగూకింది. తెల్లారేదాకా బండిని అక్కడే పెట్టి, నేను పేపర్లు దిద్దుకున్నాను.

నీలిమ గారు లిఫ్ట్ అన్నారు, బాగుంది. నేను కట్టుకున్న దాన్ని లిఫ్ట్ అనలేం అంతే. విరిగితే నాదే తప్పు. నిజం బండ్ల సంగతీ అంతే కదా. 1972 డిసెంబర్‌లో చందమామ మీద అపోలో 17 వాళ్ల రోవర్‌కి వెనక మడ్‌గార్డ్ విరిగింది, వ్యోమగామి సెర్నన్ సుత్తి తగిలి. ఆ ముక్క లేకపోతే చక్రం లేపే దుమ్ము అంతా మనుషుల మీద, పరికరాల మీద పడుతుంది. మర్నాడు నాలుగు మ్యాపులు తీసుకుని టేపుతో అతికించి, క్లాంపులతో బిగించి, మడ్‌గార్డ్ చేసుకున్నారు. మా వర్క్‌షాప్‌లో పిల్లలు అలా చేస్తే నేను తిడతాను. ఆ బండి మొత్తం 35 కి.మీ. పైనే తిరిగింది.


సాలూరు_టు_టొరంటో:

మాస్టారూ, మీ 51 మీటర్ల లెక్క నాకు కారులోనే తెలుసు. ఇక్కడ జనవరిలో రోడ్డు మీద కంటికి కనబడని మంచు పొర ఉంటుంది. బ్రేక్ నొక్కితే బండి "సరే, చూద్దాం" అంటుంది.

మాది సాలూరు. తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, ఊరంతా లారీలే. మా నాన్న ముప్పై ఏళ్లు ఘాట్ మీదుగా ఒడిశా వైపు తోలారు. నేను స్టీరింగ్ పట్టకూడదని చదివించారు. అందుకే కాబోలు, ఇక్కడ కూర్చుని రాత్రిళ్లు దిక్కూమొక్కూ లేని గ్రహాల మీద తోలుతున్నాను.

నేను ఆడే గేమ్ ఎలైట్ డేంజరస్. 2015 డిసెంబర్‌లో దానికి హొరైజన్స్ అనే అదనపు భాగం వచ్చాక గాలి లేని గ్రహాల మీద దిగనిచ్చారు, స్కారబ్ అనే ఎస్ఆర్‌వీ, అంటే నేల మీద తోలే బండి, ఇచ్చారు. అందులో బాగా నచ్చింది వేవ్ స్కానర్. కళ్లతో చూసే రాడార్ లాంటిది అనుకుంటే పొరపాటు, అది చెవులతో వాడేది. ముందు ఉత్త గరగర. అందులో ఎక్కడో టకటకమని లోహపు చప్పుడు, అదైతే రాయి. వేరే రకం కూత వస్తే మనుషులు వదిలేసిన సామాను. కొన్నాళ్లకి శబ్దం విని ఏ రకం రాయో చెప్పేయొచ్చు. మా నాన్న ఇంజిన్ చప్పుడు విని ఏ సిలిండర్ పని చేయట్లేదో చెప్పేవారు. ఆ పోలిక నాకు మూడో రోజే తట్టింది, ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆయన "ఆటకి పెట్రోలెంత?" అన్నారు.

రేగడన్నా (ఇలా పిలవొచ్చు కదా), మీ ప్రశ్నకి నా జవాబు ఒక సంఘటన. నక్షత్రాలన్నీ దాటుకుంటూ జనం ఉండే చోటుకి చాలా దూరం పోయాను. తర్వాతి నక్షత్రం నా ఓడ గెంతుకి అందట్లేదు. గెంతు పెంచుకోవాలంటే జెర్మేనియం, వెనేడియం లాంటివి కావాలి, అవి నేల మీద రాళ్లలోనే దొరుకుతాయి. ఉన్నది ఒకటే ఎస్ఆర్‌వీ. పోతే ఇంకోటి కొనడానికి స్టేషన్ దాకా పోవాలి. ఆ స్టేషన్ ఉన్న చోటుకి రావడానికి నాకు నెల పట్టింది.

దిగిన గ్రహం గురుత్వం చాలా తక్కువ. రాళ్లు వెతుక్కుంటూ చీకటి వైపుకి వెళ్లిపోయాను. ఒక అంచు దగ్గర కొంచెం ఎక్కువ స్పీడు. అంతే, నేల లేదు. కింద ఎంత లోతో హెడ్‌లైట్‌కి అందట్లేదు. అంత తక్కువ గురుత్వంలో పడటం అంటే పడుతున్నట్టు ఉండదు, ఎవరో మెల్లగా దింపుతున్నట్టు ఉంటుంది. కానీ చివరికి నేల గట్టిదే కదా. ముక్కు పైకెత్తి, థ్రస్టర్లు విడతలు విడతలుగా నొక్కుతూ, చక్రాలు కిందికి ఉండేలా చూసుకుంటూ దిగాను. తగిలింది, ఎగిరింది, మళ్లీ తగిలింది. బాడీ 30 శాతం మిగిలింది. అప్పటికి నా టీ చల్లారిపోయింది, చేతులు చెమట. మా ఆవిడ లేచి వచ్చి "ఏమైంది, ఆఫీసు కాలా?" అంది.

ఆ లోయ అడుగున చదునైన చోటు దొరికేదాకా, ఓడని పిలిపించుకోడానికి, నలభై నిమిషాలు నడకంత వేగంతో తోలాను. గేమ్స్‌లో నేను తోలిన దారులన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, నల్లటి రాయి తప్ప.

నీలిమగారూ, మీ నలభై నిమిషాలు నేను ఒక గుంతలో ఖర్చు పెట్టాను. మీరు తిట్టినా న్యాయమే.


నీలిమ_కె:

తిట్టను. కానీ ఒకటి గమనించారా, మీ ఇద్దరూ చెప్పినవి బండి పాడయ్యే కథలే. బండి బాగా నడిచిన కథ ఒక్కటీ లేదు.


రేగడిమట్టి:

నీలిమ గారు, ఈ ఒక్క ముక్క దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను.

మాకు రెండెకరాలుండేది. దమ్ము రోజుల్లో మా నాన్న ఊళ్లో ఇంకొకరి ట్రాక్టర్ తోలేవాడు, కూలికి. కేజ్‌వీల్స్ బిగించుకుని మడిలోకి దింపే ముందు, చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, ముందు తను దిగేవాడు. మడి అంతా అడ్డంగా నిలువుగా నడిచేవాడు. మోకాలి దాకా దిగిన చోట ఒక కర్ర పాతేవాడు. అప్పుడు వచ్చి ట్రాక్టర్ ఎక్కేవాడు. నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ని, నాకు అప్పుడు మా వాడి వయసే. "ఎందుకు నాన్నా టైమ్ వేస్ట్, డైరెక్టుగా తోలేయొచ్చు కదా" అన్నాను ఒకసారి. ఆయన ఏమీ అనలేదు. ఆ పక్క వారమే వేరే డ్రైవర్ ఒకతను అలాగే డైరెక్టుగా తోలేశాడు. వెనక చక్రాలు దిగబడ్డాయి. బయటికి రావాలని ఇంకా రేజ్ చేశాడు, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. దూకేశాడు కాబట్టి బతికాడు. (స్పానర్ గారు, మీ కర్బల్ బండి ముక్కు కింద పెడుతుంది, ట్రాక్టర్ ముక్కు పైకెత్తుతుంది. రెండిట్లోనూ మీట మీద మోజే కారణం.)

ఇది గుర్తొచ్చాక మళ్లీ మాకో తీశాను, చూద్దామని. అది నిజానికి ఎక్కడా దిగబడదు. గడ్డపారలా నిలబడ్డ కొండ కూడా ఎక్కేస్తుంది. మరి అందులో ఏముంది అని నన్ను నేను చూసుకుంటూ ఆడాను. నేను బండి వైపు చూడట్లేదు. కొండ వైపు చూస్తున్నాను. ఇటు నుంచి నిటారుగా పోతే సగంలో జారుతుంది, కొంచెం కుడికి వెళ్తే ఒక గాడి ఉంది, అక్కడ ఒకసారి జెట్ కొడితే పైకి అందుతుంది. గేమ్ నాకు ఆ దారి చూపించలేదు. మ్యాప్‌లో గీత లేదు. మూడుసార్లు జారి నాలుగోసారి ఎక్కితే ఆ దారి నాది.

రెవ్-8లో అలా చూడను. బూస్ట్ నొక్కితే రాయైనా గుంతైనా పైనుంచి దాటేస్తుంది. నా కళ్లు గుర్తు మీదే ఉంటాయి, దూరం మీటర్లలో తగ్గుతుంటే అంకెలు చూస్తూ కూర్చుంటాను. నీలిమ గారి లిఫ్ట్‌లో ఫ్లోర్ నంబర్లు చూసినట్టే. నో మ్యాన్స్ స్కైలో అయితే రంగులు చూస్తాను, జంతువుల్ని చూస్తాను. నేలని చూడను. బండి చెడ్డదని కాదు, దానికి నాతో అవసరం లేదు.

మా వాడికి ఇదంతా ఎలా చెప్పాలో తెలియలేదు. వాడు బాలవాడీ దాటి కొత్తగా ఒకటో తరగతిలో చేరినప్పుడు చంద్రయాన్-3 దిగింది, స్కూల్లో టీవీ పెట్టి చూపించారు. ప్రజ్ఞాన్ అంటే వాడికి ఇంకా ఇష్టం. అందుకని దాని నుంచి మొదలుపెట్టాను. 26 కిలోల బండి, సెకనుకి ఒక సెంటీమీటర్, అంటే చీమ దాన్ని దాటిపోతుంది. 2023 ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంత కనబడింది. ఇస్రో వాళ్లు చూసి, వచ్చిన దారినే వెనక్కి తిప్పి, వేరే దారిలో పంపారు. మొత్తం తిరిగింది వంద మీటర్ల చిల్లర. "మన గల్లీ అంత కూడా లేదు" అన్నాడు వాడు. "మరి ఆ గుంతలో పడితే?" అన్నాను. కాసేపు ఆలోచించి, "తియ్యడానికి ఎవరూ లేరు" అన్నాడు.

ఆ మాట మీద కర్బల్ కొన్నాను. ఇద్దరం కలిసి ఆడదామని. స్పానర్ గారు, దయచేసి మిన్‌మస్‌కి వెళ్లే సులువు దారి చెప్పండి.


స్పానర్:

సులువు దారి లేదండీ. ముందు లాంచ్‌ప్యాడ్ పక్కన గడ్డి మీద తోలండి. అక్కడ పల్టీ కొట్టకుండా పది నిమిషాలు తిరిగితే మున్ అనే ఇంకో ఉపగ్రహానికి వెళ్లండి, అది దగ్గర, మన చందమామ అంత గురుత్వం. మిన్‌మస్ తర్వాత. బండి వెడల్పు ఎంత అనుకున్నారో దానికి రెట్టింపు కట్టండి. రియాక్షన్ వీల్ ఆపడం మర్చిపోవద్దు.


సాలూరు_టు_టొరంటో:

ముందు గడ్డి మీద అంటే మా నాన్న నాకు కారు నేర్పినట్టే ఉంది మాస్టారూ. ఖాళీ సంత మైదానం, ఫస్ట్ గేర్, రెండు నెలలు.


బుల్లెట్‌బాబు:

అప్‌డేట్: మా కాలనీలో మట్టి పూడ్చారు. వర్షానికి దిగింది. ఇప్పుడు వాటర్ ట్యాంకర్ దిగబడి ఉంది. నేల చూసి తోలాలన్న మాట ఆ డ్రైవర్‌కి ఎవరైనా ఫార్వర్డ్ చేయండి.


రేగడిమట్టి:

మూడు వారాల తర్వాత రాస్తున్నా. గడ్డి మీద నాలుగు రోజులు. మున్‌కి వెళ్లడానికి పదకొండు రాత్రులు, అందులో రెండుసార్లు బండి దిగింది కానీ తలకిందులుగా దిగింది. పన్నెండో రాత్రి నిటారుగా దిగింది. బండి పేరు మా వాడే పెట్టాడు, ప్రజ్ఞాన్-2. రాత్రి పదిన్నర, స్కూలు సంగతి ఇద్దరం ఎత్తలేదు. మొదటి రెండు వందల మీటర్లు వాడు తోలాడు, నాలిక బయటపెట్టి, ఒక్కో మీట ఒక్కోసారి నొక్కుతూ. ఒక గుంత అంచు దగ్గర ఆపి, చాలాసేపు చూసి, చుట్టూ తిరిగి వెళ్లాడు. నేనేమీ చెప్పలేదు. తర్వాత నా వంతు వచ్చింది. కొంచెం దిగువ, కొంచెం స్పీడు, నాకు రియాక్షన్ వీల్ ఆపడం గుర్తులేదు.

ఆరు పల్టీలు. మూడు చక్రాలు పోయాయి, సోలార్ పలక పోయింది. ఇప్పుడు ఏం చేయాలి?


స్పానర్:

కంగారు పడకండి. ఎఫ్9 నొక్కి పట్టుకోండి, ఎఫ్5తో సేవ్ చేసిన చోటికి తీసుకెళ్తుంది. దిగగానే ఎఫ్5 నొక్కారు కదా?


రేగడిమట్టి:

ఎఫ్5 అంటే?